పెద్ద విమానాశ్రయంలో దారి ఎందుకు తప్పుతుంది? బోర్డుల వెనుక ఉన్న లెక్కలు

క్లుప్తంగా

పెద్ద టెర్మినళ్లలో ప్రయాణికుల తికమకకు బోర్డులు తక్కువ కావడం అసలు కారణం కాదు. విడతలు విడతలుగా పెరిగిన భవనాలు, భద్రత కోసం, సరిహద్దు తనిఖీల కోసం మధ్యలో లేచిన గోడలు, దుకాణాల ఆదాయం కోసం మెలికలు తిరిగిన దారులు కలిసి ఆ పరిస్థితి తెచ్చాయి. రంగులు, అక్షరాలు, బొమ్మ గుర్తులు, గేటు నంబర్లు ఆ తర్వాత చేసే సర్దుబాట్లు. ఫోన్‌లో దారి చూపే సాంకేతికత వచ్చింది కానీ, తలపైన వేలాడే బోర్డు అవసరం ఇంకా తీరలేదు.

విమానం ఆలస్యంగా దిగింది. తర్వాతి విమానానికి 70 నిమిషాలే ఉంది. ఎయిరోబ్రిడ్జి దాటి కారిడార్‌లోకి వచ్చిన ప్రయాణికుడికి ముందు నడుస్తున్న గుంపు కనిపిస్తుంది. తలపైన బోర్డు మీద ఎడమకో బాణం, కుడికో బాణం. గుంపు ఎడమకు తిరిగింది కాబట్టి అతనూ ఎడమకే తిరుగుతాడు. పది నిమిషాలు నడిచాక తేలేదేమిటంటే, ఆ దారి ఇమిగ్రేషన్ కౌంటర్లకు, అక్కడి నుంచి బ్యాగేజ్ బెల్టుకు, ఆపైన ఊళ్లోకి పోయేది. కనెక్టింగ్ విమానం అందుకోవాల్సినవాళ్లు కుడికి తిరగాలి. ఆ దేశపు వీసా లేకపోతే ఇమిగ్రేషన్ కౌంటర్ల నుంచి ముందుకు పోయే వీలు లేదు. కొన్నిచోట్ల దాటి వచ్చిన తలుపు వెనక్కి తెరుచుకోదు కూడా.

ఇలా పొరబడినవాళ్లు ఎక్కువగా తమనే తిట్టుకుంటారు, బోర్డు సరిగ్గా చూసుకోలేదని. నిర్వాహకులు కూడా చాలాసార్లు అదే నిర్ధారణకు వచ్చి మరో బోర్డు తగిలిస్తారు. రెండూ అసలు కారణాన్ని తాకవు.

ఊళ్లో దారి వేరు, టెర్మినల్‌లో దారి వేరు

మనుషులు దారి ఎలా గుర్తుపెట్టుకుంటారన్న విషయాన్ని అమెరికన్ నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ 1960లో వివరించారు. ఆయన లెక్కలో ఒక ఊరి పటం మనసులో అయిదు రకాల వస్తువులతో తయారవుతుంది: దారులు, హద్దులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. చెరువు గట్టు ఒక హద్దు. నాలుగు రోడ్లు కలిసే చోటు ఒక కూడలి. గాలిగోపురమో గడియారస్తంభమో ఒక ఆనవాలు. కొత్త ఊళ్లోనైనా ఈ అయిదింటిలో రెండు మూడు చిక్కితే మనిషి నిలదొక్కుకుంటాడు. విమానాశ్రయాల పరిభాషలో ఇప్పుడు వాడే ‘వేఫైండింగ్’ అనే మాట కూడా అప్పుడు ఆయన వాడినదే.

టెర్మినల్‌లో ఈ అయిదూ బలహీనపడతాయి. కారిడార్లన్నీ ఒకే నేల, ఒకే పైకప్పు, ఒకే వెలుతురు. కిటికీ లేని చోట తూర్పు పడమరలు తెలియవు. వచ్చిన దారినే తిరిగి వెళ్లడం ఊళ్లో పెద్ద ధైర్యం. దారి తప్పితే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ సెక్యూరిటీ దాటాక వెనక్కి రావడం కష్టం, ఇమిగ్రేషన్ దాటాక అసలే కుదరదు. దిగేవాళ్ల దారి, ఎక్కేవాళ్ల దారి వేర్వేరు అంతస్తుల్లో ఉంటే, నెల క్రితం ఇదే విమానాశ్రయం నుంచి వెళ్లిన మనిషికి కూడా తిరిగొచ్చేటప్పుడు అది కొత్త భవనమే.

దీనికి తోడు కంగారు. ఆలస్యమవుతోందన్న భయం పట్టుకున్న మనిషి చూపు ఇరుకవుతుంది. బోర్డు కళ్లముందే ఉన్నా చదవడు, తన గేటు నంబరును పోలిన అంకె కోసం మాత్రమే వెతుకుతాడు. అది కనబడకపోతే ముందున్నవాళ్ల వెంట పడతాడు. అందుకే బోర్డు రాసేవాళ్లు నిద్రలేక, బరువు మోస్తూ, పరుగెత్తుతూ వచ్చే పాఠకుడిని ఊహించుకోవాలి.

భవనాలు ఇలా ఎందుకు తయారయ్యాయి

ఒకప్పుడు విమానాశ్రయ రూపకర్తల ఆదర్శం దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉండేది. కారు దిగిన చోటే గేటు ఉండాలన్నది ఆ ఆలోచన. 1972లో మొదలైన కాన్సాస్ సిటీ విమానాశ్రయం, 1974లో మొదలైన డాలస్-ఫోర్ట్‌వర్త్ ఆ పద్ధతిలో కట్టినవే. వంపు తిరిగిన సన్నటి టెర్మినళ్లు. ఒక పక్క రోడ్డు, మరో పక్క విమానం, మధ్యలో కొద్దిపాటి నడక. అలాంటి చోట దారి చూపించాల్సిన పనే పెద్దగా ఉండదు.

రెండు పరిణామాలు ఆ లెక్కను తారుమారు చేశాయి. మొదటిది విమానాల హైజాకింగ్. 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడినీ, చేతి సామానునూ తనిఖీ చేయడం తప్పనిసరైంది. గేటు గేటుకూ తనిఖీ యంత్రం, సిబ్బంది పెట్టడం ఖర్చుతో కూడిన పని, కాబట్టి అందరినీ ఒకే గరాటులోకి పంపి, అవతల మళ్లీ విడదీసే భవనాలు అవసరమయ్యాయి. రెండోది 1978లో అమెరికా విమానయాన రంగంపై నియంత్రణల ఎత్తివేత. విమానసంస్థలు ఒక కేంద్ర విమానాశ్రయానికి అందరినీ చేర్చి అక్కడి నుంచి వేరే విమానాలకు మార్చే పద్ధతికి బాగా మళ్లాయి. కారు దిగి గేటుకు పోయే ప్రయాణికుడి కోసం కట్టిన భవనంలో గేటు నుంచి గేటుకు పోయే ప్రయాణికులు నిండిపోయారు. డాలస్‌లో టెర్మినళ్లను కలుపుతూ 2005లో స్కైలింక్ అనే కొత్త రైలు వేయాల్సి వచ్చింది. కాన్సాస్ సిటీ 2023లో పాత భవనాలను వదిలి ఒకే టెర్మినల్‌కు మారింది.

గరాటు తప్పదని తేలాక వచ్చిన ప్రశ్న ఒక్కటే: గరాటు అవతల జనాన్ని ఎలా పంచాలి? 1971లో తెరిచిన టాంపా విమానాశ్రయం మధ్య భవనానికీ గేట్లున్న భవనాలకూ మధ్య డ్రైవర్ లేని బండ్లు నడిపింది; ప్రయాణికుడు 700 అడుగులకు మించి నడవకూడదన్నది అక్కడి నియమం. 1980 నాటి అట్లాంటా టెర్మినల్ వరుసగా నిలబెట్టిన పొడవాటి భవనాల కింద నేలలోపల రైలు నడిపింది. 2019లో మొదలైన బీజింగ్ డాషింగ్ మరో దారి పట్టింది. సుమారు ఏడు లక్షల చదరపు మీటర్ల ఆ టెర్మినల్‌లో మధ్యలో పెద్ద హాలు, దాని చుట్టూ చేతివేళ్లలా అయిదు పియర్లు, అంటే గేట్లుండే పొడవాటి భాగాలు ఉంటాయి. మధ్య నుంచి చిట్టచివరి గేటుకు సుమారు 600 మీటర్లు, నడిస్తే 8 నిమిషాలు. మధ్యలో నిలబడ్డ మనిషికి ఏ వేలు పట్టుకోవాలో తెలిస్తే చాలు, ఇంక తప్పిపోవడానికి పెద్దగా చోటుండదు. వరుసగా కట్టిన వాటికీ, ఇలా విప్పారిన వాటికీ తేడా ఇక్కడే ఉంది: ఎన్ని గేట్లున్నా మనిషి తీసుకోవాల్సిన నిర్ణయాలు ఎన్ని అన్నదే లెక్క.

అయితే ఇలా ఒక్కసారిగా, ఒకే చేతితో గీసిన విమానాశ్రయాలు తక్కువ. ఎక్కువ భాగం పాత ఇంటికి గదులు కలిపినట్టు పెరిగినవే. ప్రతి విస్తరణ అప్పటి అవసరానికి సరిపోతుంది, మొత్తం మీద పటం మాత్రం అతుకులబొంత అవుతుంది. లండన్ హీత్రూలో 2, 3, 4, 5 టెర్మినళ్లున్నాయి. ఒకటో టెర్మినల్ 2015లో మూతపడింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ‘ఏ’ గేట్ల పైఅంతస్తులో ‘బి’ ఉండదు, ‘జెడ్’ ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో ‘హెచ్’ గేట్లూ ‘ఎం’ గేట్లూ ఒకే పియర్‌లో ఉంటాయి. ఈ చివరి రెండింటికీ కారణం భవనం కాదు, పాస్‌పోర్టు. యూరప్‌లోని షెంజెన్ దేశాల మధ్య తిరిగేవాళ్లకు ఇమిగ్రేషన్ ఉండదు, బయటి దేశాలకు పోయేవాళ్లకు ఉంటుంది. ఇద్దరూ ఒకే పియర్‌ను వాడుకోవాలి, కానీ కలవకూడదు. కాబట్టి ఒకే చోటుకు రెండు అక్షరాలు. అధికారుల దృష్టిలో ఇది కచ్చితమైన ఏర్పాటు. అక్షరమాల క్రమాన్ని నమ్ముకుని నడిచేవాడికి మాత్రం చిక్కు.

పసుపు మీద నలుపు

బోర్డుల విషయంలో ప్రపంచం మీద ఎక్కువ ప్రభావం చూపింది స్కిపోల్. 1967లో అక్కడ కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు డచ్ రూపకర్త బెనో విసింగ్ బోర్డులన్నిటికీ ఒకే పద్ధతి తెచ్చారు: విమానం దాకా నడిపించే సమాచారానికి పసుపు, తక్కిన సదుపాయాలకు వేరే రంగు. తర్వాత దశాబ్దాల్లో పాల్ మైక్సెనార్ ఆ పద్ధతిని తిరగరాశారు, న్యూయార్క్ ప్రాంత విమానాశ్రయాలకూ అదే ఆలోచన తీసుకెళ్లారు. అక్కడ పసుపు గేట్లకు, ఆకుపచ్చ టాక్సీలు, బస్సుల వంటి నేలమీది రవాణాకు, నలుపు మరుగుదొడ్ల వంటి సౌకర్యాలకు.

ఈ విభజనలో తెలివి రంగుల అందంలో లేదు, వదిలేయడంలో ఉంది. గేటుకు పోయేవాడు పసుపును తప్ప దేన్నీ చూడనక్కర లేదు. నలభై మాటలున్న హాలులో అతను చదవాల్సినవి ఆరో ఏడో మిగులుతాయి. పసుపు మీద నల్ల అక్షరం వెలుగులోనూ, మసకలోనూ బాగా తేలుతుందన్నది అదనపు లాభం. అయితే రంగు పనిచేయాలంటే దాన్ని ఇంకెవరూ వాడకూడదు. పక్కనే అద్దె కార్ల కంపెనీ పెద్ద పసుపు బోర్డు వెలిగిస్తే ఈ ఏర్పాటంతా నీరుగారిపోతుంది. అందుకే బోర్డుల పద్ధతి ఎంత బాగుందన్నదానికన్నా, ప్రకటనల విభాగానికి ‘కాదు’ అని చెప్పగల అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యమైన ప్రశ్న.

అక్షరాల సంగతీ అంతే. 1974లో తెరిచిన పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయం కోసం స్విస్ అక్షర రూపకర్త ఆడ్రియన్ ఫ్రుటిగర్ ప్రత్యేకంగా అక్షరాలు గీశారు. దూరం నుంచి, పక్క నుంచి, నడుస్తూ చూసినా ఒక అక్షరం మరో దానిలా కనిపించకూడదన్నది షరతు. రోమన్ లిపిలో ‘సి’, ‘ఇ’ వంటి అక్షరాల నోళ్లు మూసుకుపోయినట్టుంటే దూరానికి రెండూ ‘ఓ’ లాగే కనబడతాయి. ఆయన ఆ నోళ్లు విశాలంగా తెరిచారు. తెలుగులో ‘ద’కూ ‘ధ’కూ తేడా ఒక చిన్న గీత మీద నిలబడినట్టే ఏ లిపికైనా ఇలాంటి బలహీన స్థానాలుంటాయి, బోర్డు రాసేవాళ్లు ముందు వాటినే వెతకాలి. ఆ అక్షరాలే తర్వాత ఫ్రుటిగర్ పేరుతో ముద్రణలోకి వచ్చి, ఎన్నో దేశాల బోర్డుల మీదికి చేరాయి.

పరిమాణానికి ఒక మోటు లెక్క ఉంది. ఒక అంగుళం ఎత్తున్న అక్షరాన్ని ఎనిమిది పది మీటర్ల నుంచి హాయిగా చదవవచ్చు. నలభై మీటర్ల హాలు అవతలి నుంచి చదివించాలంటే నాలుగైదు అంగుళాలు కావాలి. ఒకే బోర్డులో రెండు మూడు భాషలు పట్టించాల్సి వస్తే ఈ లెక్కే ముందు దెబ్బతింటుంది. భాషలు పెరిగేకొద్దీ అక్షరం కుంచించుకుపోతుంది, ఎవరికీ కనబడదు.

పైకి చూపే బాణం అర్థం ఏమిటి

భాషల గొడవ తప్పించడానికి బొమ్మ గుర్తులు వచ్చాయి. అమెరికా రవాణా శాఖ, గ్రాఫిక్ రూపకర్తల సంఘం ఏఐజీఏ కలిసి 1974లో 34 గుర్తులు విడుదల చేశాయి, 1979లో మరో 16 చేర్చాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నారు. ఈనాడు మరుగుదొడ్డి తలుపు మీద కనిపించే స్త్రీ పురుషుల బొమ్మలు, పెట్టె గుర్తు, టాక్సీ గుర్తు చాలావరకు ఆ వంశానివే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా ఐఎస్ఓ 7001 పేరుతో ఇలాంటి గుర్తులకు ప్రమాణం తెచ్చింది.

వస్తువుకు బొమ్మ ఉంటుంది, పనికి బొమ్మ గీయడం కష్టం. లిఫ్ట్, టెలిఫోన్, కాఫీ కప్పు ఎవరికైనా తెలుస్తాయి. ‘ట్రాన్స్‌ఫర్’ అన్న భావానికి ఏ బొమ్మ గీస్తారు? కస్టమ్స్ తనిఖీకి? విమానం బొమ్మ ముక్కు పైకెత్తి ఉంటే బయల్దేరేవి, కిందికి దించి ఉంటే వచ్చేవి అన్నది తరచూ ప్రయాణించేవాళ్లకు తెలుసు. మొదటిసారి వచ్చినవాడికి రెండూ విమానాలే.

అన్నిటికన్నా ఎక్కువ తికమకపెట్టేది బొమ్మ కాదు, బాణం. కుడి, ఎడమ బాణాలతో పేచీ లేదు. పైకి చూపే బాణం నేరుగా నడవమంటోందా, పై అంతస్తుకు ఎక్కమంటోందా? కొన్ని దేశాల్లో నేరుగా వెళ్లాలని చెప్పడానికి పై బాణం వాడతారు. మరికొన్నిచోట్ల తలుపు మీద కింది బాణం పెట్టి ‘దీని కింద నుంచి పొండి’ అంటారు. ఎస్కలేటర్ పక్కన వేలాడే బోర్డు మీద ఈ బాణం ఉంటే రెండు అర్థాలూ సరిపోతాయి. అంతస్తు మారాల్సిన చోట వాలు బాణం వాడటం, పక్కన ఎస్కలేటర్ బొమ్మ కలపడం దీనికి వాడుకలో ఉన్న మందు. బోర్డు ఎక్కడ వేలాడుతోందన్నది కూడా అర్థంలో భాగమే. మలుపుకు పది అడుగుల ముందుంటే అది సూచన, మలుపు దాటాక ఉంటే వెక్కిరింత.

గేటు నంబరులో దాగిన వ్యాకరణం

మంచి విమానాశ్రయం అన్నీ ఒక్కసారే చెప్పదు. ముందు ‘అన్ని గేట్లూ ఇటు’ అంటుంది. తర్వాత కూడలిలో ‘ఏ అటు, బి ఇటు’. ఇంకా లోపలికి పోయాక ‘బి 1 నుంచి 20’. చివర్లో ఒక్కొక్క గేటు. ప్రతి కూడలిలో ఆ క్షణానికి కావాల్సిందే చెప్పడం, మధ్యలో పొడవాటి కారిడార్లలో ‘సరైన దారిలోనే ఉన్నారు’ అని ధైర్యం చెప్పే బోర్డు ఒకటి పెట్టడం ఈ పద్ధతి సారాంశం. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. అయిదు నిమిషాలు నడిచినా తన అక్షరం ఎక్కడా కనబడకపోతే సరైన దారిలో ఉన్నవాడు కూడా వెనక్కి తిరుగుతాడు.

పేర్లలో ధ్వని కూడా చూసుకోవాలి. ‘ఐ’, ‘ఓ’ అక్షరాలు ఒకటి, సున్నా అంకెల్లా కనబడతాయని చాలాచోట్ల వాటిని వదిలేస్తారు. రోమన్ అక్షరాలు బి, సి, డి, ఇ రొదలో ఒకేలా వినిపిస్తాయి. అట్లాంటా విమానాశ్రయపు రైల్లో అందుకే ప్రతి అక్షరానికి ఒక మాట జోడించి ప్రకటిస్తారు. విమానయానంలో ‘డి’కి వాడే మాట ‘డెల్టా’. కానీ అట్లాంటా డెల్టా ఎయిర్‌లైన్స్‌కు సొంతిల్లు. ఆ మాట వింటే డెల్టా ప్రయాణికులంతా అక్కడే దిగిపోతారు. అందుకని అక్కడ ‘డి’ అంటే ‘డేవిడ్’.

దూరాన్ని మీటర్లలో కాక నిమిషాల్లో రాయడం మరో మార్పు. సామానుతో నడిచే మనిషి నిమిషానికి 70 నుంచి 80 మీటర్లు పోతాడనుకుంటే డాషింగ్‌లో 600 మీటర్లకు 8 నిమిషాలన్న లెక్క సరిపోతుంది. ‘గేటు 15 నిమిషాలు’ అన్న బోర్డు చూసినవాడు కాఫీ తాగాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేల్చుకోగలడు. వృద్ధులకు, పసిపిల్లలతో ఉన్నవాళ్లకు ఆ 15 నిమిషాలు 25 కావచ్చన్నది మాత్రం ఏ బోర్డూ చెప్పదు.

దారి మధ్యలో దుకాణం

లండన్ సమీపంలోని స్టాన్‌స్టెడ్ టెర్మినల్ 1991లో తెరిచినప్పుడు నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన రూపం ఒక సూత్రం మీద నిలబడింది. అంతా ఒకే అంతస్తు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా అద్దాల్లోంచి విమానాలు కనబడాలి. విమానం కనబడుతోంది, అటే నడుస్తున్నాం. బోర్డు చదవాల్సిన పనేముంది? కాలక్రమంలో మధ్యలోకి తనిఖీ వరసలు, దుకాణాలు చేరి ఆ చూపు మూసుకుపోయింది. తర్వాత సెక్యూరిటీ దాటగానే డ్యూటీ ఫ్రీ దుకాణం గుండా మెలికలు తిరుగుతూ పోయే దారి వచ్చింది.

ఇది ఒక్క చోటి కథ కాదు. కోవిడ్‌కు ముందు ఏడాదుల్లో ప్రపంచ విమానాశ్రయాల ఆదాయంలో సుమారు 40 శాతం విమానాలతో సంబంధం లేని పద్దుల నుంచి, అంటే దుకాణాల అద్దెలు, పార్కింగ్, ప్రకటనల వంటి వాటి నుంచి వచ్చింది. విమానసంస్థలు కట్టే చార్జీలు తక్కువగా ఉండాలంటే ఈ డబ్బు కావాలి. కాబట్టి తిన్నగా గేటుకు పోయే ప్రయాణికుడు నిర్వాహకుడికి సాంకేతికంగా విజయం, వ్యాపారపరంగా నష్టం.

గేటు నంబరును ఆలస్యంగా చూపించడం ఈ రెండు అవసరాలు కలిసే చోటు. విమానం ఏ స్టాండులోకి, అంటే నిలిపే చోటులోకి వస్తుందో చివరిదాకా మారుతుంటుంది, తొందరపడి ప్రకటిస్తే తర్వాత మార్చాల్సి వస్తుంది. ఇది నిజమైన కారణమే. ప్రకటించేదాకా జనం మధ్య హాలులో దుకాణాల నడుమ తిరుగుతుంటారన్నదీ నిజమే. బోర్డు మీద నంబరు పడగానే రెండు మూడు వందల మంది ఒక్కసారి లేచి ఒకే వైపు నడుస్తారు. అప్పుడు అందరికీ ఒకేసారి దారి కావాలి.

దుకాణం అంటే దారికి శత్రువనే అనుకోనక్కర్లేదు. గంట ముందు వచ్చి, తన గేటు ఎక్కడో, ఎంతసేపు పడుతుందో తెలిసిన మనిషే తీరిగ్గా దుకాణంలో నిలబడతాడు. తెలియనివాడు గేటు దగ్గరే కాపలా కాస్తాడు. తికమక వ్యాపారానికీ మంచిది కాదన్న ఈ వాదనే ఇప్పుడు బోర్డుల నిపుణులకు నిర్వాహకుల దగ్గర పనికొస్తున్న ఆయుధం.

ఆనవాళ్లు: ఎలుగుబంటి, రంగుల స్తంభాలు

దోహాలోని హమద్ విమానాశ్రయం మధ్యలో తలమీద దీపంతో పెద్ద పసుపు ఎలుగుబంటి శిల్పం ఉంటుంది. స్విస్ కళాకారుడు ఉర్స్ ఫిషర్ చేసిన ఆ బొమ్మ అందంగా ఉందా అన్నది ఎవరి అభిరుచి వారిది. ‘ఎలుగుబంటి దగ్గర కలుద్దాం’ అంటే ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. 2006లో తెరిచిన మాడ్రిడ్ బరాహాస్ నాలుగో టెర్మినల్‌లో ఇదే పని వేరే పద్ధతిలో జరుగుతుంది. కిలోమీటరుకు పైగా పొడవున్న భవనంలో పైకప్పును మోసే స్తంభాల రంగు ఒక కొస నుంచి మరో కొసకు ఇంద్రధనుస్సులా మారుతూ పోతుంది. ఎటు పోతున్నామో, ఎంత దూరం వచ్చామో చదవకుండానే తెలుస్తుంది. లించ్ చెప్పిన ఆనవాలును, పేటను భవనంలోకి తెచ్చుకోవడమే రెండు చోట్లా జరిగింది.

బోర్డు చదవలేనివాళ్లు

రంగులతోనే పని నడిపిస్తే ఇబ్బందిపడేవాళ్లున్నారు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలుసుకోవడం కష్టం. అందుకే రంగు ఎప్పుడూ అక్షరానికో బొమ్మకో తోడుగా ఉండాలి గానీ ఒంటరిగా కాదు. చూపు లేనివాళ్ల కోసం నేల మీద ఉబ్బెత్తు పలకలుంటాయి. జపాన్‌కు చెందిన సెయిచి మియాకె 1960లలో రూపొందించినవి ప్రపంచమంతా పాకాయి. పైకి కనిపించని వైకల్యాలున్నవాళ్లు సిబ్బందికి తెలిసేలా మెడలో పొద్దుతిరుగుడు పువ్వు గుర్తు పట్టీ వేసుకునే పద్ధతి 2016లో లండన్ గాట్విక్‌లో మొదలై ఎన్నో దేశాలకు చేరింది.

చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ల సమస్య వేరు. బోర్డులు సాధారణంగా ఎస్కలేటర్ దారిని అనుసరిస్తాయి. లిఫ్ట్ ఎక్కడో పక్కన, స్తంభం చాటున ఉంటుంది. లిఫ్ట్ దిగాక బయటపడే చోటు కూడా వేరు కాబట్టి, అక్కడి నుంచి మళ్లీ వెతుకులాట.

నడవగలిగి కూడా చక్రాల కుర్చీ అడిగేవాళ్లున్నారు. విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి ఒంటరిగా బయల్దేరే పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. వాళ్లకు కావాల్సింది కుర్చీ కాదు, దారి తెలిసిన మనిషి. దాన్ని దుర్వినియోగం అని విసుక్కునేవాళ్లున్నారు. ఆ కుర్చీల వరస ఎంత పొడవుందో చూస్తే టెర్మినల్ ఎంత అర్థంకాకుండా ఉందో కొంత తెలుస్తుంది.

మైకు ప్రకటనలు ఈ లోటు తీర్చలేకపోతున్నాయి. ఎత్తయిన పైకప్పు, అద్దాలు, రాతినేల మాటను ప్రతిధ్వనించి కలగాపులగం చేస్తాయి. వరసగా వినిపిస్తే ఎవరూ వినరు. చాలా విమానాశ్రయాలు ప్రకటనలను గేటు దగ్గరికే పరిమితం చేసి హాళ్లను నిశ్శబ్దంగా ఉంచుతున్నాయి. ప్రశాంతత పెరిగింది, తెర మీద చూసుకునే బాధ్యత మొత్తం ప్రయాణికుడి మీద పడింది.

ఫోన్ దారి చూపగలదా

బయట దారి చూపే జీపీఎస్ లోపల పనికిరాదు. ఉపగ్రహ సంకేతం కాంక్రీటు, ఉక్కు కప్పుల కింద బలహీనపడుతుంది. వచ్చినా ఏ అంతస్తులో ఉన్నారో సరిగ్గా చెప్పదు. అందుకే భవనం లోపల బ్లూటూత్ సంకేతాలు పంపే చిన్న బీకన్‌లు అమర్చి, వాటి బలాన్ని బట్టి ఫోన్ స్థానాన్ని లెక్కగడతారు. గాట్విక్ 2017లో సుమారు 2,000 బీకన్‌లు పెట్టి, ఫోన్ కెమెరాలో కనిపించే దృశ్యం మీదే బాణాలు చూపే ఏర్పాటు చేసింది. వైఫై సంకేతాలతో, కెమెరా చూసే దృశ్యంతో స్థానం పట్టే పద్ధతులూ ఉన్నాయి.

ఇబ్బంది సాంకేతికతలో కన్నా వాడకంలో ఉంది. ఒకసారి పోయే విమానాశ్రయం కోసం ఎవరూ యాప్ దించుకోరు. ఒక చేతిలో పెట్టె, మరో చేతిలో పాస్‌పోర్టు ఉన్న మనిషికి ఫోన్ పట్టుకునే చెయ్యి మిగలదు. పైగా ఏ తలుపు ఏ గంటకు తెరిచి ఉంటుందో, ఏ తనిఖీ వరసను ఇవాళ మళ్లించారో పటంలో ఎప్పటికప్పుడు మార్చాలి. గోడ జరిపినవాళ్లు పటం దిద్దేవాళ్లకు చెప్పడం మర్చిపోతే, యాప్ గోడలోంచి నడవమంటుంది.

వేరే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. సియోల్ ఇంచాన్ విమానాశ్రయం 2018లో దారి చూపే రోబోలను దింపింది. డెట్రాయిట్‌లో 2022లో ఒక పెద్ద తెర ముందు నిలబడ్డ పలువురికి ఒకే సమయంలో ఎవరి విమానం వివరాలు వారికే కనిపించే ఏర్పాటు పెట్టారు. ఫోన్ తీయకుండా, తలెత్తి చూస్తే తన పేరిట సమాచారం కనబడటం దీనిలో ఆసక్తికరమైన అంశం. అంటే ఇంత సాంకేతికత తర్వాత కూడా పరిష్కారం మళ్లీ బోర్డు రూపంలోనే వచ్చింది.

సెల్లోటేప్ సాక్ష్యం

కొత్త టెర్మినల్ తెరిచే ముందు వేలమంది వాలంటీర్లను పిలిచి, ఉత్తుత్తి బోర్డింగ్ పాస్‌లు ఇచ్చి నడిపించి చూడటం ఇప్పుడు మామూలైంది. దీనివల్ల పెద్ద లోపాలు బయటపడతాయి. కానీ ఆ వాలంటీర్లు కంటినిండా నిద్రపోయి వచ్చినవాళ్లు, అక్కడి భాష తెలిసినవాళ్లు, విమానం పోతుందన్న భయం లేనివాళ్లు. ప్రయాణికుల సంతృప్తి సర్వేల్లో ‘దారి తెలుసుకోవడం ఎంత సులువు’ అన్న ప్రశ్న ఉంటుంది, అది సగటు మార్కు ఇస్తుంది గానీ ఏ మలుపు దగ్గర తప్పు జరిగిందో చెప్పదు.

అది తెలిసేది కౌంటర్ల దగ్గర కూర్చునే సిబ్బందికి. ఒకే ప్రశ్నకు రోజుకు వందసార్లు జవాబు చెప్పి విసిగినవాళ్లు ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ట్రాన్స్‌ఫర్ ఇటు కాదు, పై అంతస్తు’ అని రాసి గోడకు సెల్లోటేప్‌తో అంటిస్తారు. నిర్వాహకులు అది అందం చెడగొడుతోందని పీకేస్తారు. వారం తిరక్కుండా అదే చోట ఇంకో కాగితం మొలుస్తుంది. కొందరు నిపుణులు పని మొదలుపెట్టేముందు చేసేది ఒక్కటే: కెమెరా పట్టుకుని టెర్మినల్ అంతా తిరిగి, అలాంటి కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫొటోలు తీసుకోవడం.